తిరుగుబాటు నవల రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఒట్టోమన్ తుర్కుల పాలన మీద సెర్బ్‌లు చేసిన 1804 నాటి తిరుగుబాటు గురించి నువ్వు మొదలుపెట్టిన నవల మూడు అధ్యాయాలూ, మిగతా కథకి వేసుకున్న ప్రణాళికా అందాయి. వచనం హాయిగా నడిచింది, సంభాషణల్లో ప్రాణం ఉంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నీ కథలో జనానికి కోపం వచ్చింది, లేచారు, గెలిచారు. ఇక్కడే పేచీ. కోపం ఒక్కటే ఉంటే ఒక రాత్రి నాలుగు ఇళ్ళు తగలబడతాయి, తెల్లారేసరికి అందరూ అడవి పట్టిపోతారు. అదే కోపం తొమ్మిదేళ్ళు ఒక సామ్రాజ్యానికి ఎదురు నిలవాలంటే మందుగుండు రావాలి, ఉప్పు రావాలి, మొగవాడు తుపాకీ పట్టుకుపోయినా ఇంటి పొలం బీడు పడకుండా ఉండాలి. జీతం లేకుండా, వారెంటు లేకుండా, ఒక రైతు ఇల్లు వదిలి వచ్చి కందకంలో ఎందుకు కూర్చున్నాడు, ఎన్నాళ్ళు కూర్చున్నాడు, ఎప్పుడు లేచి ఇంటికి పోయాడు? స్వచ్ఛంద సైన్యం గురించి రాసేవాడు ప్రతి అధ్యాయంలోనూ తనని తాను అడగాల్సిన ప్రశ్న ఇది. నీ నవలకి కావలసిన కథ అంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

మొదటి అధ్యాయంలో తిరుగుబాటు పుట్టిన ఒరాషత్స్ ఊరి రైతులు గోడకి తగిలించిన తుపాకీలు తీసుకుని బయల్దేరారు. ఆ గోడ మీదికి తుపాకీ ఎలా వచ్చింది? ఒట్టోమన్ రాజ్యంలో క్రైస్తవ రైతుకి ఆయుధం పట్టే హక్కు లేదు కదా. దీని జవాబు కోసం పదహారేళ్ళు వెనక్కి పో. 1788లో ఆస్ట్రియా తుర్కుల మీద యుద్ధానికి దిగినప్పుడు, నదులు దాటి వచ్చిన సెర్బ్‌లతో స్వచ్ఛంద దళాలు కట్టింది. ఫ్రైకోర్ అనేవారు వాటిని. మిహైలో మిహాల్యెవిచ్ వాటిని నడిపాడు. కోచా ఆంజెల్కొవిచ్ అనే వర్తకుడు కెప్టెన్ హోదాలో సెర్బియా లోపలికి చొరబడి తుర్కుల దారులు కొట్టాడు. ఆ యుద్ధాన్ని సెర్బ్‌లు ఇప్పటికీ అతని పేరుతోనే కోచినా క్రాయినా అంటారు. అదే ఏడాది అతను తుర్కులకి చిక్కాడు. డాన్యూబ్ ఒడ్డున తెకియాలో, అనుచరులతో సహా కొర్రు వేశారు. 1789 అక్టోబరులో ఆస్ట్రియన్ సేనాని లౌడన్ బెల్‌గ్రేడ్ పట్టుకున్నాడు. 1791 ఆగస్టులో స్విష్తోవ్ సంధి రాసుకుని, పట్టుకున్న బెల్‌గ్రేడ్‌ని తిరిగి సుల్తాన్‌కి అప్పజెప్పారు. కూడా పోరాడిన సెర్బ్‌ల చేతికి క్షమాభిక్ష కాగితం తప్ప ఏమీ రాలేదు. కానీ వాళ్ళకి వరసలో నిలబడడం, ఆజ్ఞ వినగానే కాల్చడం, మట్టికట్ట పోసి వెనక దాక్కోవడం వచ్చేసింది. తర్వాత తిరుగుబాటుకి నాయకుడైన కారాజోర్జె కూడా ఆ దళాల్లో పనిచేసి వచ్చినవాడే.

అక్కడితో అవలేదు. సుల్తాన్ మూడో సెలీం 1793 నుంచి వరసగా ఫర్మానాలిచ్చి, బెల్‌గ్రేడ్ పాషాలిక్‌లోకి, అంటే ఆ పాషా ఏలే రాష్ట్రంలోకి, అదుపు తప్పిన తన కాల్బలం జానిసరీలు అడుగుపెట్టకూడదన్నాడు, పన్నులు సెర్బ్ పెద్దలే వసూలు చేసి కట్టే ఏర్పాటు చేశాడు. బెల్‌గ్రేడ్ పాషా హాజీ ముస్తఫా ఆ మాట నిలబెట్టాడు. వెళ్ళగొట్టబడ్డ జానిసరీలు విదిన్‌లో సుల్తాన్‌కి ఎదురు తిరిగిన పస్వానొగ్లూ పంచన చేరి 1797లో దాడికి వస్తే, పాషా ఏకంగా సెర్బ్ రైతులకే ఆయుధాలిచ్చి, స్తాంకో అరంబాషిచ్ నాయకత్వంలో వేలమందిని వాళ్ళ మీదికి పంపాడు. 1799లో సుల్తాన్‌కి ఇతర యుద్ధాల ఒత్తిడి పెరిగి జానిసరీలని మళ్ళీ రానిచ్చాడు. 1801 డిసెంబరులో వాళ్ళు హాజీ ముస్తఫానే చంపేసి, అగన్లియా, కుచుక్ అలియా, ముల్లా యూసుఫ్, మెహ్మద్ ఆగా ఫొచిచ్ అనే నలుగురు జానిసరీ నాయకులు, అంటే దాహీలు, దేశాన్ని పంచుకున్నారు.

ఇప్పుడు నీ కథానాయకుణ్ణి చూడు. 1804లో ముప్పై అయిదేళ్ళవాడు అనుకుందాం. పంతొమ్మిదో ఏట ఆస్ట్రియా చక్రవర్తి తరఫున తుర్కుల మీద పోరాడాడు. ఇరవై ఎనిమిదో ఏట తుర్కు సుల్తాన్ తరఫున జానిసరీల మీద పోరాడాడు. రెండు సామ్రాజ్యాలు అతనికి తుపాకీ ఇచ్చాయి, రెండూ పని తీరాక చెయ్యి వదిలేశాయి. నువ్వు గీసిన అమాయక పశువుల కాపరి కన్నా ఈ మనిషి ఎంత బరువైనవాడో ఆలోచించు. మూడోసారి తుపాకీ దించేటప్పుడు ఇతను ఏ రాజు మాటా నమ్మడు. ఆ అపనమ్మకమే ఈ తిరుగుబాటు రాజకీయం మొత్తాన్నీ నడిపింది.

రైతు మీద పడ్డ బరువు కూడా అంకెల్లో చూపించు. పాత పద్ధతిలో సిపాహీకి, అంటే సుల్తాన్ ఇచ్చిన జాగీరు మీద బతికే రౌతుకి, పంటలో పదో వంతు ఇవ్వాలి. దాహీల కాలంలో జానిసరీలు ఊళ్ళని చిత్లుక్‌లుగా, అంటే సొంత భూములుగా, రాయించుకుని, దాని పైన ఇంకో తొమ్మిదో వంతు పెట్టారు. ఊరూరా హాన్‌లనే సత్రాలు కట్టి, వాటిలో సుబాషాలనే తమ అజమాయిషీదార్లని కూర్చోబెట్టారు. అంటే పన్ను వసూలుదారు ఏడాదికోసారి వచ్చిపోయేవాడు కాదు, ఊరి నడిబొడ్డున కాపురం పెట్టాడు. తిరుగుబాటు మొదలైన రోజున మొట్టమొదట తగలబడింది ఆ హాన్‌లే. రెండో అధ్యాయంలో నువ్వు 'తుర్కుల కోట' అని రాసినచోట హాన్ పెట్టు. చిన్న ఊళ్ళో కోట ఉండదు.

ఒరాషత్స్ సమావేశం రెండు పేజీల్లో ముగించేశావు. నవల మొత్తంలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు అదే. జనవరి చివర్లో దాహీలు ఊరి పెద్దల్ని, అంటే క్నెజ్‌లని, ఏరి చంపించడం మొదలుపెట్టారు. అలెక్సా నెనాదొవిచ్ జెమున్‌లోని ఆస్ట్రియన్ అధికారికి రాసిన ఉత్తరం వాళ్ళ చేతికి చిక్కింది. అతన్నీ, ఇలియా బిర్చానిన్‌నీ వాల్యెవోలో కొలుబారా నది వంతెన దగ్గర తల నరికారు. ఆ వార్త విన్న ప్రతి పెద్దమనిషికీ తన వంతు ఎప్పుడన్నదే మిగిలింది. అందుకే ఫిబ్రవరిలోనే లేచారు. ఫిబ్రవరి తిరుగుబాటుకి ఎంత చెడ్డ నెలో నీకు తెలియాలి. తుర్కులకి ఎదురు తిరిగి అడవిలో బతికే బందిపోట్లు, హైదుక్‌లు, వాళ్ళకి ఒక కాలపట్టిక ఉంది. వసంతంలో సెయింట్ జార్జ్ పండుగకి కలుసుకుంటారు, శరత్తులో సెయింట్ దిమిత్రి పండుగకి విడిపోతారు. కారణం ఒక్కటే, ఆకు. ఓక్ చెట్లు ఆకు వేస్తే మనిషి పది అడుగుల్లో ఉన్నా కనపడడు. ఆకు రాలితే మంచులో అడుగుల జాడ ఊరిదాకా తీసుకుపోతుంది. అందుకే చలికాలమంతా తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో దాగి ఉంటారు. ఒరాషత్స్‌లో కలుసుకున్నప్పుడు ఆకు లేదు. ఆ కొరత తీర్చుకోవడానికే మరిచెవిచ్‌ల వాగు పల్లంలో కలిశారు, నేల లోతుగా దిగి ఉంటుంది కాబట్టి. నువ్వు 'పచ్చని చెట్ల నీడలో' అని రాశావు. కొట్టేయి.

అక్కడ చేరింది సుమారు మూడువందల మంది. నాయకుడెవరని మాట వచ్చింది. స్తానోయె గ్లవాష్ పేరు ముందు వచ్చింది. పేరుమోసిన హైదుక్. తను వద్దన్నాడు: నాకు ఇల్లూ వాకిలీ లేదు, దొంగ వెంట ఎందుకు పోవాలని జనం అంటారు అన్నాడు. తర్వాత ఒరాషత్స్ క్నెజ్ తెయొదోసియెని అడిగారు. ఆయనా వద్దన్నాడు: తుర్కులు తిరిగొస్తే రేపు మీ తరఫున వాళ్ళతో మాట్లాడడానికి ఒక క్నెజ్ మిగలాలి కదా అన్నాడు. ఈ రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూడు. ఒకడికి పోగొట్టుకోవడానికి ఏమీ లేదు, ఇంకొకడికి చాలా ఉంది. ఇద్దరి మధ్య నిలబడ్డవాడు కారాజోర్జె: పందుల వ్యాపారి, తోపొలాలో ఇల్లున్నవాడు, ఆస్ట్రియన్ల దగ్గర యుద్ధం నేర్చినవాడు, నది అవతల షావుకార్లతో పరిచయం ఉన్నవాడు. అతనూ మొదట ఒప్పుకోలేదు. నాది ముక్కు మీద కోపం, మాట వినకపోతే అక్కడికక్కడే చంపేస్తానన్నాడు. ఇప్పుడు అలాంటివాడే కావాలన్నారు. బుకొవిక్ పూజారి అతనసియె ప్రమాణం చేయించాడు. ఈ మాటలు మనకి సంప్రదాయంగా వచ్చినవి, అక్షరాలా ఇలాగే అన్నారని పట్టుబట్టక్కర్లేదు. కానీ కారాజోర్జె చెప్పినంతా చేశాడు. ఆ తెయొదోసియె తర్వాతి కాలంలో కారాజోర్జె చేతిలోనే పోయాడు. మారింకో అనే సొంత తమ్ముడు ఒక అమ్మాయిని చెరిచాడన్న ఫిర్యాదు వస్తే ఉరి తీయించాడు. నాయకుణ్ణి దేవుణ్ణి చేయకు, రాక్షసుణ్ణీ చేయకు. ఆ రోజు ఆ పల్లంలో జనం అడిగి తెచ్చుకున్న గుణమే ఇదంతా అని పాఠకుడికి గుర్తుండాలి.

రెండో అధ్యాయంలో మార్చి నెలలో కందకం దగ్గర పంది కాల్చుకుని తింటున్నారు. ఇది పెద్ద తప్పు. ఆ ఏడు ఆర్థొడాక్స్ ఈస్టర్ పాత జూలియన్ లెక్కలో ఏప్రిల్ 24న పడింది, కొత్త గ్రెగొరియన్ లెక్కలో మే 6. దానికి ముందు దాదాపు ఏడు వారాలు పెద్ద ఉపవాసం. మాంసం లేదు, పాలు లేవు, జున్ను లేదు, గుడ్డు లేదు. అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో నీ దళం తినేది మొక్కజొన్న రొట్టె, చిక్కుళ్ళు, ఉల్లిపాయ, వెల్లుల్లి. ఎవడైనా మాంసం తింటే పక్కవాడు ఏమన్నాడో రాయాలి, పూజారి ఊరుకున్నాడా లేదా రాయాలి. పండుగ ముందు రోజే సెయింట్ జార్జ్ దినం కూడా వచ్చింది. హైదుక్‌లు కలుసుకునే రోజు, మర్నాడు ఈస్టర్, అడవికి ఆకు. పంది మాంసం అక్కడికి తీసుకుపో, ఆ భోజనానికి ఒక అర్థం వస్తుంది.

తిండి ఎవరిచ్చారన్నది ఇంకో సంగతి. రైతు సైనికుడు తన తిండి తనే తెచ్చుకునేవాడు. సంచీ ఖాళీ అయితే ఇంటి నుంచి రావాలి, లేకపోతే తనే ఇంటికి పోవాలి. సెర్బ్‌లది ఉమ్మడి కుటుంబం. నలుగురు అన్నదమ్ముల ఇంట్లో ఇద్దరు యుద్ధానికి పోయినా ఇద్దరు నాగలి పట్టగలరు. వంతులు వేసుకుని మారేవారు. ఒంటి కాపురం ఉన్నవాడి బాధ వేరు, అతను పోతే పొలం పడావే. నీ పాత్రలకి పేర్లు పెట్టేముందు ఒక్కొక్కడి ఇంట్లో ఎంతమంది మొగవాళ్ళున్నారో కాగితం మీద రాసుకో. విత్తనాల వేళ, కోతల వేళ సైన్యం సగం కరిగిపోతుంది. వాళ్ళు పిరికితనంతో పారిపోయినవాళ్ళు కాదు. దాన్ని ద్రోహంగా రాస్తే రైతుకి అన్యాయం చేసినట్టే.

ఇలా కరిగిపోని బలం కావాలి కాబట్టే బెచార్లు వచ్చారు. పెళ్ళీ పెటాకులూ లేని కుర్రాళ్ళు, బోస్నియా నుంచి, హెర్జెగొవినా నుంచి, నదుల అవతల నుంచి వచ్చి జీతానికీ దోపిడీలో వాటాకీ చేరినవాళ్ళు. సరిహద్దు కోటలు ఏడాది పొడుగునా కాసింది వీళ్ళే, చొరవగల దాడులు చేసిందీ వీళ్ళే. చిక్కు కూడా వీళ్ళతోనే. జీతం అందకపోతే సొంత ఊళ్ళ మీదే పడేవారు. ఏ వొయ్‌వోదా, అంటే తాలూకా సేనాని, దగ్గర ఎక్కువ బెచార్లుంటే వాడే ఆ తాలూకాకి రాజు. కారాజోర్జెకీ వొయ్‌వోదాలకీ మధ్య తగువుల మూలం చాలావరకు ఇక్కడే ఉంది. 1805లో ఏర్పడ్డ పాలక మండలి అందరి మీదా అధికారం చూపించాలనుకుంది. 1811కి వచ్చేసరికి మిలెంకో స్తొయ్‌కొవిచ్, పేతర్ దొబ్రన్యాత్స్ లాంటి మహాయోధులే దేశం విడిచిపోవలసి వచ్చింది. నీ ప్రణాళికలో స్వచ్ఛంద యోధులందరూ ఒకే రకం మనుషులు. కనీసం ఇద్దరిని విడదీయి: కోతలకి ఇంటికి పోవాల్సినవాడు, ఇల్లే లేనివాడు. ఒకే కందకంలో కూర్చోబెడితే కథ దానంతట అదే కదులుతుంది.

మందుగుండు సంగతి. సావా నది ఇవతల బెల్‌గ్రేడ్, అవతల ఆస్ట్రియా వాళ్ళ జెమున్. సెర్బియా నడుమనున్న షుమాదియా ఓక్ అడవుల్లో రాలిన కాయలు తిని బలిసిన పందులు ఏటా గుంపులు గుంపులుగా ఆ నది దాటేవి. ఆ వ్యాపారపు నమ్మకం మీదే మందు, సీసం, చెకుముకి రాళ్ళు ఇటు వచ్చాయి, చాలాసార్లు అప్పు మీద. వియన్నా పైకి తటస్థం. సరిహద్దు అధికారి చూసీచూడనట్టు వదిలితే సరుకు వస్తుంది, పై నుంచి గట్టి ఉత్తర్వు వస్తే ఆగిపోతుంది. సరుకు ఆగిన వారం యుద్ధం కూడా నెమ్మదిస్తుంది. ఉప్పు కూడా బయటి సరుకే, వల్లాకియా వైపు నుంచి డాన్యూబ్ దాటి రావాలి. మాంసం నిలవ చేయడానికి, పశువులకి, రొట్టెకి ఉప్పు లేకపోతే పల్లె గిజగిజలాడుతుంది. నీ నవలలో నది దాటే ఒక్క రాత్రీ లేదు. ఒక అధ్యాయం పూర్తిగా దానికి ఇవ్వు.

మొదట్లో ఫిరంగులు లేక చెర్రీ చెట్టు మానుని తొలిచి, ఇనప పట్టీలు బిగించి వాడారు. కొద్ది దెబ్బలకే పగిలిపోతుంది, పగిలితే పక్కనున్నవాళ్ళ ప్రాణానికే ముప్పు. నువ్వు దానితో కోటగోడ పడగొట్టించావు. ఆ పని దానివల్ల కాదు. చప్పుడుతో, గులకరాళ్ళూ ఇనప ముక్కలూ చిమ్మి గుర్రాల్ని బెదరగొట్టడం వరకే. 1808లో బెల్‌గ్రేడ్‌లో ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టుకున్నాక పరిస్థితి మారింది.

ఇక చిన్న తుపాకీ. నీ మనుషులు ఆగకుండా కాలుస్తూనే ఉంటారు. చెకుముకి తుపాకీతో అది కుదరదు. గొట్టంలో మందు పోయాలి, తూటా వేయాలి, కడ్డీతో కూరాలి, పక్కనున్న పళ్ళెంలో చిటికెడు మందు వేయాలి, కుందాన్ని భుజానికి ఆనించి మీట నొక్కాలి. చేయి తిరిగినవాడు నిమిషానికి రెండో మూడో దెబ్బలు కొడతాడు. రైతు చేతిలో అంతకన్నా తక్కువే. వంద గజాలు దాటితే గురి దేవుడి దయ. వాన పడితే పళ్ళెంలో మందు తడిసి చప్పుడే రాదు. కొంతసేపు కాల్చాక చెకుముకి అంచు అరిగిపోతుంది, గొట్టం మసితో బిగిసి కడ్డీ దిగదు. ప్రతి తుపాకీ గొట్టం కొలతా వేరు కాబట్టి ఎవరి తూటాలు వాళ్ళే సొంత అచ్చులో పోసుకోవాలి. పక్కవాడు చనిపోతే వాడి సంచీలో తూటాలు నీ తుపాకీకి పట్టవు. ఈ ఒక్క వివరం నీ మూడో అధ్యాయం చివరి సన్నివేశాన్ని నిలబెడుతుంది. రెండుసార్లు అందరూ కాల్చాక పొగలో ఏమీ కనపడదు. ఆ తర్వాత అంతా చెవులే, నడుములో యతగాన్ కత్తే.

అందుకే సెర్బ్‌లు మైదానంలో ఎదురుపడకుండా మట్టికట్ట వెనక నుంచి పోరాడారు. కందకం తవ్వి, తవ్విన మట్టిని లోపలి వైపు గట్టు పోసి, దుంగలు పాతి, మధ్యలో సందులు వదులుతారు. 1806 ఆగస్టులో షాబత్స్ దగ్గర మిషార్‌లో బోస్నియా సైన్యం వచ్చిపడినప్పుడు చేసిందిదే. శత్రువు బాగా దగ్గరికి వచ్చేదాకా ఎవరూ కాల్చకూడదని ఆజ్ఞ. గుర్రపు దళాన్ని విడిగా అడవిలో దాచి ఉంచారు. ముందు వరసలు కట్ట దగ్గర చెదిరాక వెనక నుంచి ఆ దళం పడింది. బోస్నియా సేనాని కులిన్ కపెతాన్ అక్కడే చచ్చాడు. శత్రువుల సంఖ్య పుస్తకానికొకటి కనపడుతుంది, గెలిచినవాళ్ళు రాసిన అంకెలవి. నీ పాత్ర కట్ట సందులోంచి ఎంత చూడగలిగాడో అంతే చెప్పు. కాల్చకుండా ఆగడంలో ఉన్న ఉత్కంఠ నలభై వేలన్న అంకెలో ఉండదు.

మిషార్ ఎలా గెలిచారో రాసినవాడు చెగార్ ఎందుకు పోయిందో కూడా రాయాలి. 1809 మే 31న నిష్ పట్టణం దగ్గర సెర్బ్ దళాలు వేరువేరు మట్టికట్టల్లో ఉన్నాయి, ఒకటి కొండ మీద, మిగతావి చుట్టుపక్కల ఊళ్ళ దగ్గర. మిలోయె పెత్రొవిచ్, పేతర్ దొబ్రన్యాత్స్ మధ్య ఎవరు పెద్ద అన్న తగువు. అందరికన్నా ముందుకు చొచ్చుకుని ఉన్నది చెగార్ కొండ మీద స్తెవాన్ సింజెలిచ్, రెసావా లోయ మనుషులతో. తుర్కులు దాడి మీద దాడి చేసి, కందకం శవాలతో నిండాక వాటి మీదుగా నడిచొచ్చారు. మిగతా కట్టల నుంచి సాయం రాలేదు. సింజెలిచ్ మందుగుండు నిల్వలోకి పిస్తోలు కాల్చాడు, తనతో పాటు అందరూ పోయారు. ఆ తర్వాత తుర్కు సేనాని హుర్షీద్ పాషా సెర్బ్‌ల తలలతో నిష్ దారిలో గోపురం కట్టించాడు: నాలుగు పక్కలా, పక్కకి 14 వరసలు, వరసకి 17, మొత్తం 952. ఇప్పుడు 58 మిగిలాయి, 1892లో చుట్టూ చిన్న ప్రార్థనాలయం కట్టి కాపాడుతున్నారు. నువ్వు పేలుడు రాయాలని తొందరపడుతున్నావు, ప్రణాళికలో దాని కింద రెండు గీతలు గీశావు. పేలుడు ఒక వాక్యం. అసలు అధ్యాయం పక్క కట్టలో ఉంది, చప్పుడు వింటూ కదలకుండా కూర్చున్న వాళ్ళలో. ఎవరు పోదామన్నారు, ఎవరు ఆపారు, ఏమని ఆపారు అన్నది రాయి.

నీ కథానాయకుడు ఒరాషత్స్‌లోనే 'స్వతంత్ర సెర్బియా' అని అరుస్తాడు. 1804లో ఎవరూ అలా అనలేదు. మేము సుల్తాన్ నమ్మకమైన ప్రజలం, సుల్తాన్ మాట కాదన్న దాహీల మీదే మా పోరు అన్నారు. మొదట్లో దాహీల చేత దెబ్బతిన్న కొందరు సిపాహీలు కూడా వీళ్ళ పక్షం. మే నెలలో జెమున్‌లో ఆస్ట్రియన్ల ఎదుట మాటలు జరిగాయి, తెగలేదు. సుల్తాన్ బోస్నియా నుంచి బెకిర్ పాషాని పంపాడు. దాహీలు డాన్యూబ్ దిగువకి అదా కాలే ద్వీపానికి పారిపోతే, ఆ వేసవిలో మిలెంకో మనుషులు అక్కడికి పోయి నలుగురినీ చంపి తలలు తెచ్చారు. అడిగిన న్యాయం జరిగిపోయింది. మరి తుపాకీలు ఎందుకు దించలేదు? ఎందుకంటే సెర్బ్‌లు ఒక బయటి రాజ్యం హామీ ఉండాలన్నారు. 1791లోనూ 1799లోనూ ఒట్టి మాట ఎలా పోయిందో చూసినవాళ్ళు కదా. తన ప్రజలకి తనిచ్చే మాటకి పరాయి రాజు జామీను ఏమిటన్నాడు సుల్తాన్. నీ ముప్పై అయిదేళ్ళ రైతు అపనమ్మకం ఇక్కడ చరిత్ర అయింది. ఆ శరత్తులో మతియా నెనాదొవిచ్, కొలుబారా దగ్గర చంపబడ్డ అలెక్సా కొడుకు, సాయం అడగడానికి సెయింట్ పీటర్స్‌బర్గ్ దాకా పోయాడు. 1805 ఆగస్టు 18న ఇవాన్‌కోవత్స్ దగ్గర సుల్తాన్ పంపిన హాఫిజ్ పాషా సైన్యాన్ని ఆపినప్పుడు మొదటిసారి సుల్తాన్ మీదే తుపాకీ ఎత్తినట్టయింది. అక్కడ నీ పాత్ర చేయి వణకాలి. ఆ వణుకు మొదటి పేజీలోనే ఖర్చు చేసేశావు.

తేదీలకి ఒక పుస్తకం పెట్టుకో, మూడు గళ్ళు గీయి. సెర్బ్ ఉత్తరాలు పాత జూలియన్ లెక్కలో ఉంటాయి, ఆస్ట్రియన్ కాగితాలు కొత్త గ్రెగొరియన్‌లో, తుర్కు కాగితాలు హిజ్రీలో. పద్దెనిమిదో శతాబ్దంలో మొదటి రెండింటి మధ్య తేడా 11 రోజులు, పంతొమ్మిదిలో 12, ఇప్పుడు 13. అందుకే ఫిబ్రవరి 2 నాటి ఒరాషత్స్ సమావేశం అప్పటి కొత్త లెక్కలో ఫిబ్రవరి 14, కానీ ఇవాళ సెర్బియా ఆ పండుగ చేసేది 15న. ఇంటర్నెట్‌లో రెండూ కనపడి నువ్వు తికమకపడ్డావని తెలుస్తూనే ఉంది. ఈ మూడు గళ్ళు తప్పులు ఆపడమే కాదు, కథ కూడా ఇస్తాయి. బెల్‌గ్రేడ్ పట్టణం మీద దాడి చూడు: కొత్త లెక్కలో 1806 డిసెంబరు 12, పాత లెక్కలో నవంబరు 30, సెయింట్ ఆండ్రూ పండుగ. హిజ్రీలో రంజాన్ నెల ముగిసి పండుగ వచ్చిన వేళ. తెల్లవారుజామున సెర్బ్ పక్షపు యోధులు కొందా, ఉజున్ మిర్కో మరికొందరితో లోపలికి చొరబడి ద్వారపాలకుల్ని చంపి తలుపు తీశారు. కొందా అంతకుముందు తుర్కుల పక్షాన కోటలో కొలువు చేసినవాడు, భాష తెలుసు, దారులు తెలుసు. ఏ గస్తీ ఏ వేళకి ఎక్కడుంటుందో తెలిసినవాడు లేకపోతే ఆ తలుపు తెరుచుకునేది కాదు.

ఆ తలుపు తెరిచాక జరిగింది కూడా రాయి. నీ ప్రణాళికలో అక్కడ జెండా ఎగురుతుంది, నవల అయిపోతుంది. ఊళ్ళో తరతరాలుగా బతికిన ముస్లిం కుటుంబాలున్నాయి, యూదులున్నారు, దుకాణాలున్నాయి. చంపారు, దోచారు, తరిమారు. కొన్ని వారాల తర్వాత పైకోట ఖాళీ చేస్తే దారి ఇస్తామన్న మాట మీద బయటికొచ్చిన బెల్‌గ్రేడ్ పాషా సులేమాన్ మనుషుల్ని దారిలో చంపేశారు. స్వాతంత్ర్య పోరాటం గొప్పది కాబట్టి ఇది దాచాలనుకోకు. మొదటి అధ్యాయంలో ఒక ముస్లిం కుమ్మరినో, మంగలినో పెట్టు, నీ కథానాయకుడికి తెలిసినవాణ్ణి. డిసెంబరులో అతని ఇంటి ముందు ఏం జరిగిందో పాఠకుడు అడుగుతాడు, నువ్వు జవాబు చెప్పాలి.

పాటల్ని కూడా జాగ్రత్తగా వాడుకో. చిన్నప్పుడే మశూచితో చూపు పోయిన ఫిలిప్ విష్‌న్యిచ్ గూస్లె అనే తీగవాద్యం మీద పాడిన తిరుగుబాటు పాటని, జానపద పాటలు సేకరించిన వుక్ కరాజిచ్ రాసి ఉంచాడు. పాదానికి పది అక్షరాలు, నాలుగో అక్షరం తర్వాత విరుపు. చలికాలంలో ఉరుములు, చంద్రుడు మసకబారడం లాంటి శకునాలతో మొదలవుతుంది. జనం ఏమి నమ్మారో దాంట్లోంచి తీసుకో, ఏమి జరిగిందో మాత్రం తీసుకోకు. పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగు చూసి రాయకు, సెర్బ్ పలుకుబడి విను. ఒరాసాక్ కాదు, ఒరాషత్స్. మిలోస్ కాదు, మిలోష్.

ఎక్కడ ఆపాలన్నది చివరి మాట. 1806లో ఆపితే అబద్ధం అవుతుంది. 1812 బుకారెస్ట్ సంధిలో రష్యా తన యుద్ధం ముగించుకుంది, సెర్బ్‌లకి అందులోని ఎనిమిదో షరతు అనే కాగితపు హామీ మాత్రం మిగిలింది. 1813లో తుర్కులు మళ్ళీ వచ్చారు. నెగోతిన్‌లో హైదుక్ వేల్కో సీసం అయిపోతే తగరం గిన్నెలు కరిగించి తూటాలు పోయించాడు, చివరికి ఫిరంగి గుండుకి పోయాడు. అక్టోబరులో కారాజోర్జె సావా దాటి వెళ్ళిపోయాడు. నీకు రెండు దారులున్నాయి. దాహీల తలలు వచ్చిన 1804 వేసవిలో, తుపాకీ దించాలా వద్దా అన్న దగ్గర ఆపు. అది చిన్నదైనా నిండుగా ఉంటుంది. లేదా 1815 దాకా పో. ఆ ఏప్రిల్‌లో మట్టల ఆదివారం నాడు తాకొవోలో మిలోష్ ఒబ్రెనొవిచ్ లేచాడు. అంతకుముందు ఏడు హాజీ ప్రొదాన్ లేపిన అలజడిని అణచడానికి తుర్కులకి సాయపడ్డ మనిషే ఈ మిలోష్. కొన్ని నెలలు పోరాడి, ఆగి, సుల్తాన్ సేనాని మరషలీ అలీ పాషాతో నోటిమాట మీద ఒప్పందం చేసుకున్నాడు. మా పోరు సుల్తాన్ మీద కాదు, బెల్‌గ్రేడ్‌ని ఏలుతున్న పాషా మీదే అంటూ 1804 నాటి లాంటి మాటనే మళ్ళీ వాడాడు, ఈసారి అది ఎత్తుగడ అని తెలిసి. 1817లో రహస్యంగా తిరిగొచ్చిన కారాజోర్జెని రాదొవాన్యెలో చంపించి తల ఇస్తాంబుల్‌కి పంపించాడు. 1830లో సుల్తాన్ నుంచి స్వయంపాలన కాగితం తెచ్చిందీ ఆ మిలోషే. ఇది రాయాలంటే నీకు ఇంకో మూడు వందల పేజీలు కావాలి. తొందరలేదు.

ముందు రెండో అధ్యాయంలో ఆ మార్చి నెలని ఉపవాసంతో తిరగరాయి, కందకంలో ఉన్న ఒక్కొక్కడి ఇంటి లెక్కా రాసిన కాగితం కూడా దానితో కలిపి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య